గౌడవెల్లి వెస్టిండీస్

మేడ్చల్ బస్సు డిపో దాటాక రోడ్డు పక్కన ఒక మోటారు వైండింగు షాపు ఉండేది. కాలిపోయిన బోరు మోటారు మోసుకొచ్చిన రైతు ముందుగా తల ఎత్తి బోర్డు చూసేవాడు. రవీందర్ మోటార్ వైండింగ్ వర్క్స్ అని ఎర్రటి అక్షరాలు. అది చదివి, లోపలికి తొంగి చూసి, "ఎస్టిండీస్ ఉన్నడా?" అని అడిగేవాడు. మంచి పెయింటరును వెతికి పట్టుకుని, అక్షరాలు ఇంకా పెద్దవి, ఇంకా పెద్దవి అని వెంటపడి మరీ వేయించుకున్నాడు రవీందర్, పాపం. ఎంత పెద్దవి వేయించుకుంటే ఏం లాభం? గౌడవెల్లి జనం కళ్ళతో ఒకటి చదివి నోటితో ఇంకొకటి అనే రకం.

అసలు ఆ పేరు అతనిది కాదు. అతని అన్న ఓదెలుది.

తొంభైల మొదట్లో గౌడవెల్లిలో నర్సయ్య ఇంటి అరుగు మీద పెట్టిన టీవీ చుట్టూ ఊరి కుర్రాళ్ళంతా మూగేవాళ్ళు. అందులో నల్లటి, ఎత్తైన మనుషులు ఎక్కడినుంచో పరుగెత్తుకుంటూ వచ్చి బంతి విసిరితే, ఆడేవాడు ముఖం కాపాడుకోవడానికే తంటాలు పడేవాడు. వాళ్ళే వెస్టిండీస్ అని నర్సయ్య చెప్పాడు. అది ఒక దేశమా, రాజ్యమా, ఊరా అన్నది అతనికీ తెలియదు, అడిగినవాడూ లేడు. ఆ మర్నాడు రైలు కట్ట పక్కన కోసిన జొన్నచేనులో ఓదెలు బంతి వేస్తుంటే నర్సయ్యే అన్నాడు, "వీడు మన ఎస్టిండీస్ రా" అని. అంతే, అంటుకుంది.

మొదట్లో అది వెక్కిరింపే. ఓదెలు నలుపు అలాంటి ఇలాంటి నలుపు కాదు. అంతకుముందు ఊళ్ళో నల్లటివాణ్ణి కర్రోడా అనేవాళ్ళు, ఇప్పుడు టీవీ పుణ్యమా అని కొత్త మాట దొరికింది. చింతపిక్కలా నిగనిగలాడే బర్రెదూడ పుట్టినా ఎస్టిండీస్ పుట్టింది అనేదాకా పోయింది. కానీ ఓదెలు బంతి దెబ్బకు మేడ్చల్ టీము వికెట్లు ఎగిరిపడ్డాక, శామీర్‌పేట వాళ్ళు గౌడవెల్లితో ఆట అంటేనే హెల్మెట్లు అప్పు తెచ్చుకోవడం మొదలుపెట్టాక, అదే మాట బిరుదైంది. ఆ తర్వాత ఇంటిపేరైంది. ఎస్టిండీసోళ్ళ ఇల్లు, ఎస్టిండీసోళ్ళ మేక, చివరకు ఎస్టిండీసోళ్ళ అమ్మ.

ఆ అమ్మకు మాత్రం ఆ మాట వింటే ఒళ్ళు మండేది. రుక్కమ్మ ద్రాక్షతోటల్లో కూలికి పోయే మనిషి, నోరు కొంచెం పెద్దది. "మల్లన్నకు మొక్కి కన్న బిడ్డ వాడు. నేను పెట్టుకున్న పేరుండగ మీ నోట్ల గీ దిక్కుమాలిన పేరేందిర?" అని వీధిలో నిలబడి తిట్టేది. తాను పిల్లల్ని పూర్తి పేర్లతోనే పిలిచేది, ముద్దు పేర్లు ఆమెకు చేతకావు. పొద్దుగూకే వేళ తోట గట్టు మీద నిలబడి "ఓదెలూ, రవీందరూ" అని కేక వేస్తే పట్టాల అవతలి వాళ్ళకు కూడా వినిపించేది. ఆమె భర్త గౌరయ్య తోట కాపలాదారు, ఆమె అరుపులకు అలవాటు పడి నవ్వుకునేవాడు.

రవీందర్ చిన్నవాడు. అన్నకూ అతనికీ ఏడాదిన్నర తేడా. అదే ఎత్తు, అదే నలుపు, అదే దవడ. వెనకనుంచి చూస్తే ఎవరు ఎవరో చెప్పడం కష్టం. కానీ అతన్ని ఎవరూ వెస్టిండీస్ అనలేదు, ఎందుకంటే అతని బంతిలో వేగం లేదు. అన్న బంతి వేసేటప్పుడు బౌండరీ దగ్గర నిలబడి చెప్పులు, చొక్కాలు కాపలా కాసే పని అతనిది. అన్నంటే అతనికి ప్రాణం, కొంచెం కడుపుమంట కూడా. ఏ తమ్ముడికి ఉండదు?

తొంభైఆరు ఎండాకాలంలో శామీర్‌పేటలో ఆడి గెలిచి, అన్నదమ్ములిద్దరూ నర్సయ్య లూనా మీద వస్తున్నారు. మలుపులో ఇసుక లారీ ఎదురైంది. ఓదెలు అక్కడికక్కడే పోయాడు. రవీందర్‌ను తల పగిలి, తెలివి లేకుండా ఉన్నవాణ్ణి, పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు.

ఇక్కడే ఊరి పెద్దలు ఒక పని చేశారు. మంచికే చేశారు, వాళ్ళను అనడానికి లేదు. బయట ప్రమాదంలో పోయినవాణ్ణి ఊళ్ళోకి తేకూడదన్నది ఆనవాయితీ. పైగా ముఖం తల్లికి చూపించే స్థితిలో లేదు. అందుకని తెల్లగుడ్డలో చుట్టి తెచ్చిన శవాన్ని ఇంటి ముందు దింపకుండా, ఊరి బయటి నుంచి బయటికే తీసుకుపోయి కానిచ్చేశారు. "నీ కొడుకు పోయిండు రుక్కమ్మా, సూడకు, సూస్తే తట్టుకోలేవు" అని నర్సయ్య చెప్పాడు. ఆడవాళ్ళు ఆమెను పట్టుకుని కూర్చున్నారు. ఆమె ఎంత పెనుగులాడినా వదలలేదు.

ఆసుపత్రికి గౌరయ్యే తిరిగాడు, రుక్కమ్మను ఎవరూ తీసుకుపోలేదు. నెల దాటాక రవీందర్ ఇంటికి వచ్చాడు. గుండు చేసిన తల, చిక్కిపోయి పొడుగు తేలిన ఒళ్ళు. ఆటోలోంచి ఇద్దరు పట్టుకుని దింపారు. రుక్కమ్మ గడపలో నిలబడి చాలాసేపు చూసింది. దగ్గరికొచ్చి ముఖం రెండు చేతులతో తడిమింది, చెవులు, దవడ, మెడ, గింజ గింజ ఏరినట్టు తడిమింది. అప్పుడు, జన్మలో ఎన్నడూ ఆమె నోట రాని మాట వచ్చింది.

"ఎస్టిండీస్" అంది.

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని ఏడ్చారు. పోయిన కొడుకును తలచుకుంటోంది తల్లి అనుకున్నారు. రవీందర్‌కు ఏం చేయాలో తోచలేదు. అమ్మ కళ్ళలోకి చూడలేక "ఆ, అమ్మా" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆమె అతన్ని అలాగే పిలిచింది. ఊరు కూడా అలాగే పిలిచింది. ఊరికి ఒక వెస్టిండీస్ అలవాటైపోయాడు, ఖాళీ ఉంచబుద్ధి కాలేదు. రవీందర్ మొదట్లో ఊరుకున్నాడు, అమ్మ మనసు కుదుటపడ్డాక సర్దుకుంటుందిలే అని. అది సర్దుకోలేదు.

ఒకసారి టీములో మనుషులు తక్కువై అతన్ని మేడ్చల్‌లో జరిగే ఆటకు తీసుకుపోయారు. అవతలి టీముది ఓదెలు పేరు విన్నా, పోయిన సంగతి తెలియని దూరపు ఊరు. రవీందర్ బంతి తీసుకోగానే గట్టు మీద ఎవరో "ఎస్టిండీస్ ఏస్తుండు, జాగ్రత్త" అని అరిచారు. ఆడేవాడి ముఖం పాలిపోయింది. రవీందర్ పరుగెత్తుతుంటే తన అడుగుల పక్కన ఇంకో జత అడుగులు, తనకన్నా బరువుగా, తనకన్నా ముందుగా పడుతున్నట్టు అనిపించింది. బంతి నీళ్ళలా మెల్లగా పోయింది. ఆడేవాడు దాన్ని చూడనేలేదు, ముఖం పక్కకు తిప్పుకున్నాడు, వికెట్టు పడింది. అందరూ వచ్చి భుజాలు చరిచారు. ఔటైనవాడు తనకు ఔట్ కాలేదని, అన్నకు ఔటయ్యాడని రవీందర్‌కు తెలుసు. మళ్ళీ బంతి ముట్టలేదు.

రెండేళ్ళకు గౌరయ్య పోయాడు. కొడుకు పోయినప్పటి నుంచి ఆయన ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడింది లేదు. రవీందర్ వైండింగు పని నేర్చుకున్నాడు, షాపు పెట్టాడు, పద్మలతను చేసుకున్నాడు. భర్త పోయిన మనిషి కనుక లగ్గమప్పుడు రుక్కమ్మ పందిట్లోకి రాలేదు, వెనక వంటల దగ్గర కూర్చుంది. పెళ్ళికొడుకు పేరు పంతులు మైకులో చదివితే బాజాల్లో కలిసిపోయింది. పద్మలత వచ్చాక కూడా ఆ ఇంట్లో రవీందర్ అన్న మాట పలికే నోరు లేదు. మొగుడి పేరు పెళ్ళాం చెప్పకూడదు, ఆమెకు అతను "ఏమయ్యా". కూతురు భవితకు నాయిన. బయటివాళ్ళకు వెస్టిండీస్. పేరు పెట్టి పిలవగలిగిన ఒకే ఒక్క మనిషి అమ్మ, ఆమె పిలవదు.

అది అతన్ని లోపల్లోపల తినేసింది. అన్నానికి పిలిచినా, జ్వరమొస్తే నుదురు పట్టుకున్నా ఆమె నోట అదే మాట. అతను సాయంత్రం షాపు మూసి ఇంట్లో అడుగు పెట్టాక ఆమె వెంటనే తలుపు వేసేది కాదు. అతని భుజం మీదుగా వీధిలోకి చూసేది, వెనక ఇంకెవరో రావలసి ఉన్నట్టు. కాసేపటికి నిట్టూర్చి గొళ్ళెం పెట్టేది. ఒక్కోసారి అతనికే అనుమానం వచ్చి వెనక్కి తిరిగి చూసేవాడు. అన్న వస్తున్నాడేమోనని భయం. వస్తే బాగుండునని ఆశ. రెండూ ఉండేవి.

"నేను బతికొచ్చుడు అమ్మకు ఇష్టం లేదే" అన్నాడు ఒకరోజు పద్మలతతో, అన్నం ముందు కూర్చుని. "అన్న రావాల్సింది, నేనొచ్చిన. నా పేరు తియ్యనీకె ఆమెకు నోరొస్తలేదు."

"పిచ్చిగ మాట్లాడకు" అంది పద్మలత. "నిన్ను సూడకుంటె ముద్ద ముట్టది ఆమె."

"నన్ను గాదు సూసేది. నా వెనకకు సూస్తది."

పద్మలత కూర గిన్నె ముందుకు జరిపింది. ఆమె కూడా గమనించిన సంగతే అది.

రెండువేల నాలుగులో అనుకుంటాను, కౌకూర్‌లో ఒక ఇంట్లో బోరు మోటారు కాలిపోతే రవీందర్ వెళ్ళాడు. ఇంటాయన జోగారావు, కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి, మాట్లాడడానికి మనిషి దొరికితే వదలడు. రవీందర్ వెంట వచ్చిన పైపుల మేస్త్రి "ఎస్టిండీస్, స్పానరియ్యి" అనడం ఆయన చెవిన పడింది. అదేం పేరయ్యా అని అడిగాడు. చెప్పాక, రవీందర్ తన మనసులో ఏళ్ళుగా ఉన్న ప్రశ్న అడిగాడు.

"సార్, అసలు గా దేశం ఏడుంటది?"

"ఆ పేరుతో దేశమే లేదయ్యా" అన్నాడు జోగారావు. "సముద్రంలో చిన్న చిన్న దీవులు. ఇండియాకు దారి వెతుక్కుంటూ బయలుదేరిన ఓడలవాళ్ళు అక్కడ దిగి, ఇదే ఇండియా అనుకున్నారు. కాదని తేలాక కూడా ఆ పేరు తీసెయ్యలేదు. ముందు పడమర అని ఒక ముక్క తగిలించి ఊరుకున్నారు."

"తప్పు పేరని అక్కడోళ్ళు కొట్లాడలేదా?"

"కొట్లాడడానికి ఎవరు మిగిలారు? మొదట అక్కడ ఉన్నవాళ్ళు రోగాలకూ చాకిరీకీ చాలామటుకు చచ్చిపోయారు. వాళ్ళ చోటికి ఆఫ్రికా నుంచి మనుషుల్ని పట్టి తెచ్చారు. ఆ తర్వాత చెరుకుతోటల కూలికి మన దేశం నుంచి పట్టుకుపోయారు. మద్రాసు రేవులో ఓడ ఎక్కిన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు ఆ పేరు వీళ్ళందరిదీ."

రవీందర్ చేతిలోని రాగి తీగ చుట్టడం ఆపేశాడు. "పోయినోళ్ళ పేరు ఉన్నోళ్ళు మోస్తున్నరన్నట్టు" అన్నాడు.

"అలా కూడా అనొచ్చు. కానీ మోత మాత్రమే కాదు. ఆ పేరు మీద అంతా ఒక్కటై ఆడి ప్రపంచాన్ని గెలిచారు కదా, తమది చేసుకున్నారు. అయినా అది వీధిలో పేరు. ఇంటికి పోతే జమైకావాడు జమైకావాడే, ట్రినిడాడువాడు ట్రినిడాడువాడే. ఇంట్లో ఎవరి పేరు వాళ్ళకుంటుంది."

ఆయన మామూలుగానే అన్నాడు. రవీందర్‌కు మాత్రం ఆ చివరి మాట గుచ్చుకుంది. మోటారు దింపి, నీళ్ళు పడ్డాయో లేదో చూసుకుని, బండెక్కి వచ్చేశాడు. దారంతా అదే మాట. ఇంట్లో ఎవరి పేరు వాళ్ళకుంటుందట.

ఇక అన్నను సాగనంపాలని అప్పుడే నిశ్చయించుకున్నాడు. పెత్రమాస, అంటే పితృ అమావాస్య నాడు పెద్దలకు బియ్యం ఇవ్వడం మన వైపు ప్రతి ఇంటా ఉన్నదే. విస్తరాకులో బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టి, పోయినవాళ్ళ పేరు చెప్పి, నువ్వులు నీళ్ళు వదిలితే వాళ్ళు శాంతిస్తారు. గౌరయ్య పేరు మీద ఏటా ఇస్తున్నారు. పోయిన కొడుకు పేరు మీద మాత్రం రుక్కమ్మ ఇవ్వనివ్వలేదు. అన్నకు బియ్యం ముట్టలేదు, అందుకే గడప వదలడం లేదు అని రవీందర్‌కు గట్టి నమ్మకం కుదిరింది. అన్న పోతే అన్న పేరూ పోతుంది. అమ్మ తనను తన పేరుతో పిలుస్తుంది.

"ఈసారి ఇద్దామమ్మా" అన్నాడు ఆ ఏడు.

"వద్దు" అంది రుక్కమ్మ. "నేను నోటితోని అంటె వాడు ఖాయంగ పోయినట్టే. నేను అన."

మరుసటి ఏడూ అదే మాట. ఆ పై ఏడు ఆమెకు కాళ్ళు వాచాయి, చూపు మందగించింది, మంచం దిగడమే కష్టమైంది. అప్పుడు ఒక మధ్యాహ్నం తనంతట తానే అతన్ని పిలిచి దగ్గర కూర్చోబెట్టుకుంది. "నేను పోతె వానికి ఎవలిస్తరు బిడ్డా? ఆకలి మీదుంటడు. ఈ పెత్రమాసకు ఇద్దాం" అంది. రవీందర్ ఆమె చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఇన్నేళ్ళకు గుండె మీది బరువు ఎవరో దింపినట్టయింది.

పెత్రమాస నాడు ఊరంతా హడావిడి. ఆడపిల్లలు బతుకమ్మకు తంగేడుపూలు తేవడానికి చేలగట్లు పట్టారు. రవీందర్ పొద్దున్నే మేడ్చల్ మార్కెట్టుకు పోయి, ఓదెలుకు ఇష్టమని పెద్ద వంకాయలు వెతికి తెచ్చాడు. తల స్నానం చేసి, తెల్లపంచె కట్టుకుని, అమ్మను బండి మీద కూర్చోబెట్టుకుని పూజారి అయ్యగారి వాకిట్లోకి తెచ్చాడు. పాత అయ్యగారు పోయారు, ఈయన మేడ్చల్ నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు, ఊళ్ళో ఎవరి పేరూ తెలియదు. రవీందర్ పీట మీద కూర్చున్నాడు. పక్కన గోడకు ఆనుకుని రుక్కమ్మ. వెనక విస్తరాకులు పట్టుకుని పద్మలత.

గౌరయ్య పేరు రవీందర్ తానే చెప్పి నీళ్ళు వదిలాడు. "ఇంకెవరైనా ఉన్నారా?" అని అయ్యగారు అడిగారు. అన్న పేరు చెప్పబోయి రవీందర్ ఆగాడు. తల్లి నోటితో పంపితేనే అన్న పోతాడనిపించింది.

"అమ్మా, నువ్వు జెప్పు" అన్నాడు.

రుక్కమ్మ గోడ పట్టుకుని నిటారుగా కూర్చుంది. ఒకప్పుడు తోట గట్టు మీద నిలబడి కేక వేసిన గొంతులో సగం కూడా మిగలలేదు. అయినా మాట స్పష్టంగానే వచ్చింది.

"రవీందర్" అంది. "నా చిన్న కొడుకు రవీందర్, అయ్యగారూ."

పద్మలత చేతిలోని విస్తరాకు ఒరిగి పప్పు కింద పోయింది. "అత్తా" అంది. రవీందర్ చేయి అడ్డం పెట్టి ఆమెను ఆపాడు.

"పెళ్ళైందా ఆయనకు?" అయ్యగారు మామూలుగా అడిగారు.

"యాడైంది? పసోడు. అన్నతోని ఆటకు పోయి రాలె. నాకు మొకం సుత సూడనియ్యలె గీ ఊరోళ్ళు." ఆమె చీర కొంగు ముడి విప్పింది. అందులో ఉడకబెట్టిన పల్లికాయలు. "గివి వానికి పానం. ఉప్పు ఎక్కువేసి ఉడకబెడితె పొట్టుతోని నమిలేటోడు. పెద్దోని ఆటని, పెద్దోని మొక్కని నేను పెద్దోని ఎంబడే పడ్డ. వాడు ఏది గావాలని అడగలె. ఊకుండేటోడు. గందుకే వానికి కడుపునిండ పెట్టలె నేను. దినాం పొద్దుగూకంగ సూస్త, వస్తడేమోనని."

ఊరు ఏమన్నా, తాను చదవలేని బోర్డు మీద, పెళ్ళి పత్రికలో ఏ పేరున్నా, ఆ రోజు గడపలో తన చేతులతో తడిమి చూసి ఓదెలే అని ఆమె నమ్మింది, వాడే ఆమెకు బతికి వచ్చినవాడు. ఓదెలూ అంటే వెనకే రెండో పేరు నోటికొస్తుందని ఊరి పేరుతోనే పిలుచుకుంది, రెండోవాడి కోసం పదేళ్ళు ఏడ్చింది. తనను చూసి ఓర్వలేకపోతోంది అనుకున్న అమ్మ తనకోసమే ఎదురుచూసిందని, తను ఏమీ అడగడని కూడా ఆమెకు తెలుసునని, రవీందర్‌కు అప్పుడు తెలిసింది. ఏడుపు ముంచుకొచ్చింది. అమ్మా నేనే, నేనిక్కడున్నా, నీ చేతికింద ఉన్నా అని అనాలని ప్రాణం కొట్టుకుంది. అంటే ఏమవుతుంది? ఈ వాకిట్లోనే, ఈ వయసులో, ఆమెకు ఓదెలు పోతాడు. మళ్ళీ మొదటినుంచి ఏడవడానికి ఆమెకు ఎన్నాళ్ళున్నాయి కనుక?

రుక్కమ్మ పల్లికాయలు విస్తరాకులో తానే పెట్టింది. చేయి తడుముకుంటూ వచ్చి అతని వీపు మీద ఆగింది.

"నీళ్ళు పొయ్యి బిడ్డా" అంది. "తమ్మునికి నువ్వుగాక ఎవలు పోస్తరు?"

"పోయినవారి పేరు చెప్పి వదలండి" అన్నారు అయ్యగారు.

అతను దోసిట్లోకి నీళ్ళు తీసుకున్నాడు. నువ్వులు వేసుకున్నాడు. రవీందర్ అని చెప్పి, నీళ్ళు వదిలాడు.